అత్త ఎక్కని కారు

నేను మేడ్చల్‌కి కోడలిగా వచ్చిన కొత్తలో ఇంటిల్లిపాదీ గౌడవెల్లిలో ఒక పెళ్ళికి బయలుదేరాం. వాకిట్లో మామ అంబాసిడర్ కడిగి తుడిచి నిలబెట్టి ఉంది. స్టీరింగ్ ముందు మామ, ఆయన పక్కన ఆయన తమ్ముడు, వెనక నేనూ నా భర్తా ఇద్దరు చుట్టాలమ్మలూ, మా ఒళ్ళో వాళ్ళ పిల్లలూ. అత్త మాత్రం పట్టుచీర కట్టుకుని, సంచి చంకన పెట్టుకుని, గేటు దాటి బస్టాండు వైపు నడుచుకుంటూ పోయింది. కారులో జాగా లేక అనుకున్నాను. కొత్త కోడలి మర్యాద కొద్దీ నేను దిగుతాను, అత్తను కూర్చోమనండి అన్నాను. కారులో ఉన్నవాళ్ళంతా నా వంక తిరిగి చూశారు. ఆ చూపులకి నేనేదో బూతుమాట అన్నానేమో అని బిక్కచచ్చిపోయాను.

ఆ సాయంత్రం నా భర్త సంగతి చెప్పాడు. అమ్మ ఎక్కితే కారు ఆగిపోతుందట. ఆయన మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు. ఉప్పు నీళ్ళలో కరుగుతుంది అన్నంత మామూలుగా ఆ మాట చెప్పి అటు తిరిగి పడుకున్నాడు. నేను షామీర్‌పేట హైస్కూల్లో పిల్లలకి ఫిజిక్స్ చెప్పేదాన్ని. నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.

తర్వాత ఒక్కొక్కరి నోటా కొంచెం కొంచెంగా కథంతా తెలిసింది. అత్తామామల పెళ్ళైన ఏడాదే మామ ఆ కారు కొన్నాడు. బొల్లారంలో ఉండే ఒక మిలిటరీ ఆఫీసరు బదిలీ మీద పోతూ అమ్మేశాడట. మామ వాళ్ళ నాయిన ససేమిరా వద్దన్నాడు. ఎద్దులుండగా ఈ ఇనప డబ్బా దేనికని ఆయన గోల. మామ వినకుండా రోడ్డు పక్క చెలక భూమి అమ్మి మరీ కొన్నాడు. మొదటి ప్రయాణం కొత్త పెళ్ళాన్ని ఎక్కించుకుని షామీర్‌పేటలో ఉన్న ఆమె పుట్టింటికి. చెరువు కట్ట మీదికి రాగానే కారు ఆగిపోయింది. ఎంత తిప్పినా మళ్ళీ కదల్లేదు. కట్ట మీద బట్టలు ఉతికేవాళ్ళు, బర్రెలు కాచేవాళ్ళు, దారిన పోయేవాళ్ళు అందరూ చుట్టూ చేరి కొత్త పెళ్ళికూతుర్ని తేరిపార చూశారు. చివరికి అత్త ఎవరిదో ఎడ్లబండి మీద పుట్టింటికి చేరింది. ఇంటికొచ్చాక మామ వాళ్ళ నాయిన ఒకే మాట అన్నాడట, కోడలి కాలు మంచిది కాదని. తర్వాత ఇంకో రెండుసార్లు అత్త ఎక్కింది. రెండుసార్లూ కారు ఆగింది. ఇక ఎవరూ వద్దనక ముందే అత్త తనంతట తనే ఎక్కడం మానేసింది.

నేను వచ్చేనాటికి ఇది జరిగి దాదాపు ముప్పై ఏళ్ళు.

నా కోపం ఎక్కడంటే, ఆ కారు అత్త లేకుండా ఆగిన సార్లకి లెక్కే లేదు. మేడ్చల్ రైలు గేటు దగ్గర ఆగింది, గుండ్లపోచంపల్లి మలుపులో ఆగింది, ఎవరిదో ఊరేగింపులో పెళ్ళికొడుకుని ఎక్కించుకుని బ్యాండు మేళం మధ్యలో ఆగింది. అప్పుడేమో పాయింట్లు మసిబట్టాయి అనేవారు. అత్త ఉంటే మాత్రం ఆమె కాలు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అంటారు కదా. ఆ సామెత అత్తాకోడళ్ళ గురించి అనుకునేదాన్ని. మా ఇంట్లో అది కారు గురించి అని అర్థమైంది.

ఆ పాయింట్ల సంగతి కూడా చెప్పాలి. ఇంజను పక్కన ఒక నల్లటి మూత ఉండేది, రెండు స్ప్రింగు క్లిప్పులతో బిగించి. దాని కింద రెండు చిన్న లోహపు బిళ్ళలు ఒకదానికొకటి తగులుతూ విడిపోతూ ఉంటాయి. అవే పాయింట్లు. అవి సరిగ్గా కలిసి విడిపోతేనే ప్లగ్గుల్లో నిప్పు పుడుతుంది. మసిబట్టినా, మధ్య ఎడం కాస్త తేడా వచ్చినా ఇంజను తుమ్మి దగ్గి ఆగిపోతుంది. ప్రతి ఆదివారం పొద్దున మామ బనీను మీద వాకిట్లోకి వచ్చి, బానెట్ లేపి, మూత తీసి, ఉప్పుకాగితంతో ఆ బిళ్ళల్ని రాసేవాడు. ఎడం చూడటానికి బజార్లో కొలత బిళ్ళలు దొరుకుతాయట, ఆయన వాటిని నమ్మడు. పెళ్ళి పత్రిక ముక్క కావాలి. అదీ ఏ పత్రిక పడితే అది కాదు. ఎవరింట్లోంచి కొత్త పత్రిక వచ్చినా ముహూర్తం చూడక ముందే వేళ్ళ మధ్య నలిపి మందం చూసేవాడు. మామని ఊళ్ళో పటేల్ అంటారు. పిలవడానికి వచ్చినవాళ్ళు పటేల్‌కి అట్ట నచ్చిందని మురిసిపోయేవాళ్ళు.

ఆయన అట్లా వంగి రాసుకుంటూ ఉంటే అత్త వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ చూస్తూ ఉండేది. మంచినీళ్ళు కావాలన్నా తను తేకుండా నాతో పంపేది. కారు దగ్గరికి పోదు.

మామకి షుగరు వచ్చి చూపు మందగించింది. బిళ్ళల మధ్య ఎడం కనపడటం మానేసింది. కనపడటం లేదని ఒప్పుకోడు. వేలి గోటితో తడిమి సరిపోయింది అనేవాడు. కారు రోజు మార్చి రోజు ఆగడం మొదలుపెట్టింది. అప్పటికి నా భర్త నేర్పగా నేనే నడుపుతున్నాను. ఆయనకి షిఫ్టులు, మామకి చూపు ఆనదు, ఇంకెవరున్నారు. షామీర్‌పేట రోడ్డు మీద నేను బానెట్ లేపుకుని నిలబడితే మా స్కూలు పిల్లలు సైకిళ్ళ మీద పోతూ నమస్తే టీచర్ అనేవారు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. తుక్కువాడికి ఇచ్చేద్దామని ఇంట్లో మాట వచ్చింది. మామ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

అప్పుడు మేడ్చల్‌లో మా మెకానిక్ ఒక ఉపాయం చెప్పాడు. పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ డబ్బా పెడితే సరి అన్నాడు. బిళ్ళలు ఉండవు, రాపిడి ఉండదు, మసి ఉండదు. మూత కింద ఒక చిన్న అయస్కాంతం తిరుగుతుంది, పక్కనున్న కన్ను దాన్ని చూసి, బయట బిగించిన డబ్బాతో నిప్పు వేయిస్తుంది. అదెట్లా చూస్తుంది అని మామ అడిగాడు. మెకానిక్ నా వైపు చూశాడు. నేను అయస్కాంత క్షేత్రం గురించి క్లాసులో చెప్పినట్టు కొంతసేపు చెప్పాను. ఇద్దరూ మర్యాదగా విన్నారు. నాకే సగంలో అనుమానం వచ్చి ఆపేశాను.

అతను సికింద్రాబాద్ పోయి ఆ సామాను పట్టుకొచ్చిన రోజు మా వాకిట్లో పెద్ద పంచాయితీ. అతను ఆ డబ్బా బిగించడం అదే మొదలు. తీగలు ఏది ఎక్కడికో చెప్పే కాగితం ఉంది గానీ అందులో బొమ్మలోని కారుకీ మా కారుకీ పోలిక లేదు. బ్యాటరీ రెండు కొసల్లో ఏది బాడీకి కలిపి ఉందో చూసుకోమని రాసి ఉంది, తప్పితే డబ్బా కాలిపోతుందట. పాత రోజుల్లో ఈ కారుకి తిరకాసుగా ఉండేదని, మధ్యలో ఎప్పుడో మార్పించానని మామ అన్నాడు. మార్పించావో, మార్పించాలనుకున్నావో గుర్తు చేసుకో పటేలా అని మెకానిక్. నేను పుస్తకంలో బొమ్మ గీసి చూపించాను. పుస్తకంలో బ్యాటరీ మీద మట్టి ఉండదు, ప్లస్సు గుర్తు చెరిగిపోయి ఉండదు. చివరికి మీటరు పెట్టి చూసి, డబ్బాకి సరిపోతుందని తేల్చుకుని, దేవుడి మీద భారం వేసి కలిపాం. బండి అంటుకోలేదు. ప్లగ్గులకి కరెంటు పంపే కాయిల్ మీద రెండు తీగలు అటుదిటు మార్చాడు. అంటుకోలేదు. మళ్ళీ ఇటుదటు మార్చాడు. ఈసారి సెల్ఫ్ కొట్టీ కొట్టకముందే ఇంజను అందుకుంది. అవే తీగలు, అదే పద్ధతి. ముందు ఎందుకు అంటుకోలేదో, ఇప్పుడు ఎందుకు అంటుకుందో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. తెలిసినట్టు మొహాలు పెట్టుకున్నాం.

మెకానిక్ మూత బిగించి చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

“ఇగ గీ మూత తీసుడు బంద్ పటేలా. లోపల రాసేదేం లేదు, గీకేదేం లేదు. ముట్టకుంటే అదే మంచిగ నడుస్తది.”

“మరి ఆదివారం?” అన్నాడు మామ.

మెకానిక్ సామాను సర్దుకున్నాడు, నేను కాగితం మడత పెట్టాను.

ఆ తర్వాత ఆదివారాలు ఆయన పాడు బనీను తొడుక్కుని వాకిట్లోకి వచ్చి, బానెట్ లేపి, కాసేపు చూసి, మళ్ళీ దించి లోపలికి వచ్చేవాడు. కారు మాత్రం ఎన్నడూ లేనంత బుద్ధిగా నడిచింది. వానలో నడిచింది, ఎండలో నడిచింది, స్కూలుకి తీసుకుపోయి తీసుకొచ్చింది. ఆగనందుకు మామ సంతోషించాలి. ఏదో పెద్దమనిషి తనని పలకరించకుండా పోతున్నట్టు దాని వంక చూసేవాడు. ఆయన్ని చూసి నాకు జాలీ వేసేది, విసుగూ వేసేది.

ఒకరోజు నేను బట్టలు ఆరేస్తూ ఉంటే అత్త నా వెనక వచ్చి నిలబడింది. యాప్రాల్‌లో ఉండే ఆమె చెల్లెలు అక్కడే కొత్తగా ఇల్లు కట్టుకుంది, గృహప్రవేశానికి పిలిచిపోయింది. అత్త ఎప్పుడు ఆ చెల్లెలింటికి పోయినా రెండు బస్సులు మారి, చివర నడిచి పోవాల్సిందే. చెల్లెలి అత్తగారింటివాళ్ళు మీకు కారుందట కదా అని అడుగుతారట. ఉంది అంటుంది. మరి ఏది అంటారు. దానికి ఆమె ఏం చెబుతుంది.

“బిడ్డా, గా కొత్త డబ్బ పెట్టినంక ఒక్కసారి గూడ ఆగలే గద,” అంది అత్త, నా మొహం చూడకుండా తీగ మీది చీర సరిచేస్తూ. “ఇప్పుడు నేనెక్కితే ఆగుతదా?”

అంత పెద్ద మనిషి, ఇంట్లో పదిమందికి వండిపెట్టే మనిషి, చిన్నపిల్లలా అడిగింది. ఆగదు అన్నాను. ఆగితే నన్నడగండి అన్నాను. నా మాటల్లో ఫిజిక్స్ కంటే పొగరే ఎక్కువ.

మామకి చెప్పాను. ఆయన మీసం దువ్వుకుని, పోనియ్, ఆమె ఇష్టం అన్నాడు. ప్రయాణం దాకా ఉన్న నాలుగు రోజులూ అత్త నడకే మారిపోయింది. ఏ చీర కట్టుకోవాలో నన్ను మూడుసార్లు అడిగింది. ముందు సీట్లో కూర్చుంటే ఎండ మొహానికి కొడుతుందా అని అడిగింది. ప్రయాణం పొద్దున నేను లేచేసరికే కారుకి పూజ అయిపోయి ఉంది. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు కుంకుమ, కొబ్బరికాయ నీళ్ళ తడి. అత్త పెట్టిన పూజ. ఆమె ఆ కారుని చేత్తో తాకడం నేను వచ్చాక అదే మొదటిసారి.

బయలుదేరాం. నేను నడుపుతున్నాను, అత్త పక్కన, మామ వెనక. మేడ్చల్ దాటేవరకూ ఇంజను బానే ఉంది, ఆ తర్వాత ఒకటి రెండు సార్లు తుమ్మింది. అత్త రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, రోడ్డు వంకే చూస్తోంది. షామీర్‌పేట చెరువు కట్ట వచ్చింది. నేను కూడా ఊపిరి బిగబట్టాను, అబద్ధమెందుకు. కట్ట దాటాం. అత్త నా వైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. హకీంపేట ఇంకా రాకముందే ఇంజను దడదడ కొట్టుకుని, వణికి, ఆగిపోయింది.

తిప్పాను. లేదు. మళ్ళీ తిప్పాను. లేదు. అత్త మెల్లిగా తలుపు తీసి దిగింది. సంచి తీసుకుంది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని బస్సు ఆగే చోటికి నడిచి, వచ్చిన బస్సెక్కి వెళ్ళిపోయింది. నేను పిలిచాను. వెనక్కి చూడలేదు.

బస్సు కనపడకుండా పోయాక, ఊరికే, ఏదో చేయాలి కదా అని తాళం తిప్పాను. కారు అంటుకుంది.

“చూసినవా బిడ్డా,” అన్నాడు మామ. ఆయన గొంతులో గెలిచానన్న సంతోషం లేదు, బాధే ఉంది. అదే నాకు ఇంకా మంటెక్కించింది.

ఆ తర్వాత రోజులు నా బుర్ర నాది కాదు. కాకి వాలింది, తాటిపండు పడింది, అంతే కదా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. మరి కాకి వాలిన ప్రతిసారీ పండు ఎందుకు పడాలి? క్లాసులో పిల్లలకి కార్యకారణ సంబంధం గురించి చెబుతూ మధ్యలో నాకే మాట తడబడేది. ఇంకో విచిత్రం, ఆ రోజు నుంచి కారు నేను ఒక్కదాన్నే పోతున్నా ఆగుతోంది. వేడెక్కితే తుమ్ముతుంది, ఆగుతుంది, చల్లారితే మళ్ళీ లేస్తుంది. ఇది దొరికింది ఆధారం అని మామ దగ్గరికి పోయి, చూడండి, అత్త లేకపోయినా ఆగుతోంది, ఆమె కాలు కాదు అన్నాను. ఆయన ఆలోచించి, ఒకసారి కూసున్నది గద, పట్టుకున్నది అన్నాడు. ఎక్కినా ఆమే కారణం, ఎక్కకున్నా ఆమే కారణం. నా దగ్గర ఏ సూత్రమూ మిగల్లేదు.

మెకానిక్ పెట్రోలు పైపు ఊది చూశాడు. ప్లగ్గులు మార్చాడు. కాయిల్ మార్చాడు. ఆఖరికి డబ్బానే మార్చి ఇంకోటి పెట్టాడు. కొత్త డబ్బాతో కూడా అదే తుమ్ము. ఆ నల్ల మూత మాత్రం తీయలేదు. లోపల చూసేదేం లేదని అతనే చెప్పాడు మరి. మామకి ముట్టొద్దన్నారన్న అలక ఉండనే ఉంది, ఆయనా తీయలేదు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

అత్త ఆ సంగతి ఎత్తలేదు. గృహప్రవేశం ఎట్లా జరిగిందో కూడా చెప్పలేదు. వాకిలి ఊడ్చేటప్పుడు కారు చుట్టూ మూరెడు జాగా వదిలి ఊడ్చేది. దాని నీడ కూడా తొక్కేది కాదు. ఆమెను చూస్తే నా పొగరు నాకే సిగ్గనిపించేది. ఆగదని చెప్పింది నేనే కదా.

ఒక సాయంత్రం పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చేస్తూ, ఎటో చూస్తూ అడిగింది.

“బిడ్డా, మెకానిక్ అన్ని ఊడదీసిండు గద. లోపల బొట్టు గిట్ల చెరిపిండా?”

“ఏం బొట్టు అత్తమ్మా?”

“గదే, మూత లోపల పెట్టిన. పసుపు కుంకుమ. గా కొత్తదానికి.”

ఆమె నిదానంగా చెప్పింది. పూజ పొద్దున మేమెవరం లేవకముందు బానెట్ లేపింది. ముప్పై ఏళ్ళు వరండాలోంచి చూసిన మనిషి, ఆ రెండు క్లిప్పులు ఎట్లా తీస్తారో ఆమెకి తెలియదా. మూత తీసి, లోపల నాలుగు ఇత్తడి మొనలు కనిపిస్తే నాలుగింటికీ పసుపు కలిపి కుంకుమ పెట్టింది. నడుమ ఇంకో బొట్టు. బయట పెడితే ఎవరైనా తుడిచేస్తారని లోపల పెట్టింది. తన కాలు దోషం కారుకి తగలకుండా కాయమని మొక్కి, మూత ఎట్లా ఉందో అట్లాగే బిగించింది.

నేను లాంతరు కూడా తీసుకోకుండా వాకిట్లోకి పోయి, ఉన్న వెలుతురులోనే మూత తీశాను. మాడిన పసుపు వాసన గుప్పుమంది. లోపల ఒక మొన నుంచి ఇంకో మొనకి నల్లటి గీతలు, కాలిన దారులు. ప్లగ్గుకి పోవాల్సిన నిప్పు ఆ బొట్ల మీదుగా దారి తప్పి పక్క మొనకి పోతోంది. చల్లగా ఉన్నప్పుడు కొంచెం, వేడెక్కినప్పుడు ఎక్కువ. ఇన్నాళ్ళ చిక్కుముడి నా అరచేతిలో ఉంది. నాకు సంతోషం రావాలి. రాలేదు.

ఎవరికి చెప్పను, ఎట్లా చెప్పను? మామకి చెబితే నేను చెప్పలేదా, ఆపింది ఆమే కదా అంటాడు. అది నిజమే అవుతుంది. చెప్పకపోతే ఆమె కాలు మీద పడ్డ మచ్చ అట్లాగే ఉంటుంది. అత్తకే చెబితే, మీ దోషం పోవాలని మీరు మొక్కిన మొక్కే బండిని ఆపిందని ఏ నోటితో చెప్పను? మింగలేను, కక్కలేను. మర్నాడు మెకానిక్ దగ్గర కొత్త మూత తెచ్చి, పాతది పగిలిందని చెప్పి, బిగించాను. కారు మళ్ళీ బుద్ధిమంతురాలైంది. నేను మాత్రం ఇంట్లో దొంగలా తిరిగాను.

ఆదివారం దాకా ఓర్చుకుని, ఇక ఓపలేక, పిండి కలుపుతున్న అత్త పక్కన పీట వేసుకుని కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఆమె పిండి కలపడం ఆపింది.

“అంటే బండి ఆగింది నా చేతితోటా?”

“అవునత్తమ్మా.”

“కాలుతోటి కాదు?”

“కాదు.”

తన రెండు చేతుల్నీ తిప్పి తిప్పి చూసుకుంది. వాటికి పిండి అంటుకుని ఉంది. “చెయ్యి చేసిందైతే కడుక్కుంటే పోతది,” అంది. ఆమె కళ్ళలో నేను భయపడ్డ ఏడుపు లేదు, ఒక తేటదనం ఉంది. తర్వాత ఆ తేటదనంలోకి మెల్లిగా ఇంకేదో వచ్చింది. “మరి కట్ట మీద ఆగినప్పుడు నేనేం పెట్టలే గద,” అంది, నాతో కాదు. లేచి, పిండి చేతులతోనే వాకిట్లోకి నడిచింది.

మామ అలవాటు ప్రకారం బానెట్ లేపుకుని నిలబడి ఉన్నాడు. అత్త కారుకి ఆనుకునేంత దగ్గరగా పోయి నిలబడింది. ముందు తన బొట్ల సంగతి తనే చెప్పింది, ఏదీ దాచకుండా. ఆయన నోరు తెరిచి ఏదో అనబోయేంతలో అడిగింది.

“షామీర్‌పేట కట్ట మీద ఎందుకాగింది?”

ఆయన బానెట్ కింద ఏదో వెతుకుతున్నట్టు వంగాడు. అక్కడ వెతకడానికి ఏమీ లేదు.

“పాయింట్లు మాడినయి,” అన్నాడు చివరికి.

“నీకెప్పుడు ఎర్కయింది?”

“గా సాయంత్రమే. ఇంటికి తెచ్చినంక మూత తీసి చూసిన.”

“మరి మీ నాయినకు చెప్పలే?”

“చెలక అమ్మి కొన్నది. ఖరాబు బండి తెచ్చినవని ఇంట్లకెళ్ళి ఎళ్ళగొడ్తడనుకున్న.” ఆయన గొంతు సన్నబడింది. “తర్వాత చెప్దామనుకున్న. చెప్పరాలే.”

“కొత్తగ వచ్చినదాన్ని, నేను దొరికిన,” అంది అత్త.

అంతే అంది. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళని చూశాను గానీ, ముప్పై ఏళ్ళు మద్దెలని బస్టాండుకి నడిపించిన మనిషిని నేను చూడలేదు. నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ ముసలి మెడ అట్లా వంగి ఉండటం చూస్తే జాలీ వచ్చింది. రెండింట్లో ఏది పట్టుకోవాలో తెలియక వరండా గుంజ పట్టుకుని నిలబడ్డాను.

అత్త లోపలికి పోయి చేతులు కడుక్కుంది. చీర మార్చుకుంది. సంచి తీసుకుని, యాప్రాల్ పోయొస్తా, చెల్లెని చూడాలె అని నాతో చెప్పింది. కారు ఇక ఆగేది లేదని నేను పరుగున పోయి దాన్ని తీశాను. ఒక్క తాళానికి అంటుకుంది. మామ ముందు తలుపు తీసి పట్టుకున్నాడు, ఆమె కూర్చోవడానికి. పెళ్ళికొడుకులకి తప్ప ఆయన ఎవరికీ తలుపు తీయగా నేను చూడలేదు. అత్త ఆ తలుపు పక్కనుంచే గేటు దాటి బస్టాండు వైపు నడిచింది. ఎప్పటి నడకే, తొందర లేదు.

పోనియ్ బిడ్డా, ఎంబడి పోనియ్ అని మామ ఎక్కాడు. నేను ఆమె పక్కనే మెల్లగా పోనిచ్చాను. అత్తమ్మా ఎక్కండి అంటూ కిటికీలోంచి బతిమాలాను. ఆమె కోపంగా ఉందా, అలవాటు కొద్దీ పోతోందా, మొహం చూస్తే తెలియలేదు. బజార్లో జనం నిలబడి చూశారు. బస్టాండులో బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. అత్త ఎక్కింది. మామ ఒక్క నిమిషం సీట్లోనే కూర్చున్నాడు. తర్వాత తలుపు తీసి దిగి, జనాన్ని తోసుకుంటూ, ఆయన కూడా బస్సెక్కాడు. ఆ మనిషి బస్సెక్కడం మేడ్చల్‌లో ఎవరూ చూసి ఉండరు.

నేను ఇంజను ఆపకుండా కూర్చుని చూశాను. ఆడవాళ్ళ సీట్లలో అత్త కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు మీద ఆమె సంచి ఉంది. మామ ఆ సీటు పక్కనే పై కమ్మీ పట్టుకుని నిలబడి, వంగి ఆమెతో ఏదో అంటున్నాడు. ఆమె కిటికీ బయటికి చూస్తోంది. సంచి తీయలేదు. బస్సు కదిలి మలుపు తిరిగేవరకూ చూశాను, అప్పటికీ తీయలేదు. యాప్రాల్ దాకా ఆయన నిలబడే పోయాడో, మధ్యలో ఎక్కడైనా ఆమె సంచి ఒళ్ళోకి తీసుకుందో, ఇద్దరిలో ఎవరూ నాకు చెప్పలేదు.